పడుగుకు పెరడిచ్చిన వదిన

పోయిన వారం మా పక్కింటి వదిన కన్నుమూసింది. తెల్లవారగానే ఆమె కోడలు వచ్చి, "చిన్నమామా, అత్త లేస్తలేదు" అన్నది. వెళ్లి చూస్తే నిద్రపోతున్నట్టే ఉంది. నాకు వచ్చింది ఊరిబడి చదువు. రాయడం అలవాటు లేదు. అయినా ఆమె గురించి నాలుగు మాటలు చెప్పకపోతే మనసు ఊరుకోవడం లేదు.

గద్వాలలో మాది నేతగాళ్ల వాడ. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేస్తాం. వాన పడితే మోరీ పొంగి ఆ మురికినీళ్లు గుంతల్లోకే వచ్చేవి. ఎవరి గడప వాళ్లు ఎత్తు చేసుకున్నారు. నీళ్లన్నీ పల్లంలో ఉన్న వదిన ఇంటికి చేరాయి. చెంబుతో గుంత తోడుతూ నవ్వేది. "ఏం మరిదీ, అందరిండ్ల నీళ్లు నా ఇంటికే చుట్టమొచ్చినయి. చాయ పొయ్యాల్నా?"

ఒక్కోసారి మాత్రం నవ్వేది కాదు. "నీళ్లను పక్కింటికి తోలుడు గాదు, వాటికి తొవ్వ జూపాలె" అనేది.

మా పట్నంలో మురికినీళ్లకు భూమిలోపల పైపులేసే పని మున్సిపల్ కౌన్సిల్ ముందుకు వచ్చింది. వీధి వాళ్లు ఒప్పుకుంటేనే మా వాడను అందులో కలుపుతారని కౌన్సిలర్ చెప్పాడు. అడ్డం పడింది మేమే. పడుగును, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులను, వీధి పొడుగునా చాపి, గంజి పట్టించి ఆరబెడతాం. వీధి తవ్వితే పడుగెక్కడ చాపాలి? పడుగు లేనిదే మగ్గం ఆడదు, పొయ్యి వెలగదు.

"నీ ఇంట్లకు నీళ్లొస్తున్నయని మేం ఉపాసముండాల్నా, అవ్వా?" అన్నాడొకడు.

"ఉపాసమెందుకు బిడ్డా? నా పెరట్ల చాపుకోండ్రి."

"నీ పెరడు సగం పడుగుకు గూడ సాలదు."

"మరిది పెరడు కలిపితే సాలుతది. నడుమ గోడొక్కటే గదా." నా వైపు తిరిగింది. "ఏం మరిదీ, నోట్ల ముత్యాలున్నయా? చెప్పు!"

నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. తల ఊపాను. మర్నాడు గోడకు మొదటి గడ్డపార పోటు ఆమే వేసింది. "మట్టి ఏడికి పోతది? గావాల్నంటే మల్ల కట్టుకుందం" అన్నది.

కౌన్సిల్ ఒప్పుకుందని కబురొచ్చిన రోజు ఆమె మగ్గం మీద ఉంది. చేతిలో ఉన్న పోగు వేసేదాకా తల ఎత్తలేదు. తర్వాత అన్నది, "అయితే వచ్చే వానకాలం కాళ్లు పొడిగుంటయన్నట్టు."

ఆ వానాకాలం ఆమె చూడలేదు.

ఆమె పోయిన రోజు వీధంతా తవ్వి ఉంది. మనిషి నడిచే సందుంది గానీ పాడె పోయే దారి లేదు. పెరట్లోంచి తీసుకుపోదామంటే, వార్త తెలియకముందే ఎవరిదో పడుగు చాపి గంజి పట్టించారు. మబ్బు పట్టి తడి ఆరలేదు. తడి మీద చుట్టి తీస్తే పోగులన్నీ అంటుకుపోతాయి.

"పోతే పోనీ, తీసేస్తం" అన్నాడు పడుగు అతను. వీధి తవ్వొద్దని ఆనాడు ఆమెతో వాదించిందీ అతనే.

"వద్దన్నా" అన్నది కోడలు. "అత్త ఉంటే నిన్ను తిడ్తుండె."

వాడవాళ్లంతా పడుగుకు అటూ ఇటూ నిలబడ్డారు. కర్రల మీది నుంచి దాన్ని మెల్లగా చేతుల్లోకి తీసుకుని తలల పైకెత్తారు. ఆ ఎర్రటి పోగుల కింద నుంచి, మోసేవాళ్లు జర వంగి, వదినను తీసుకుపోయారు. రెండు గంజి చుక్కలు ఆమె తెల్లజుట్టు మీద పడ్డాయి. ఎవరూ తుడవలేదు.