చింతపండుతో తోమిన చక్రవర్తి

రోమన్ల పాలనలోని ఊళ్లలో దొరికిన పూసలు, సూదులు, నాణేల్లాంటి చిన్న వస్తువుల మీద నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. వాటిని ఫొటోల్లో చూడటమే తప్ప చేత్తో తాకింది లేదు. అలాంటిది, క్రితం ఏడాది గోవాడ దగ్గర మా చెరకు పొలం దున్నుతుంటే నాన్నకి ఒక రాగి నాణెం దొరికింది. చోడవరంలో మా ఇంటికి తెచ్చాడు. పచ్చటి కిలుములో ఒక రోమన్ చక్రవర్తి ముఖం, చుట్టూ అక్షరాలు లీలగా కనిపించాయి. ఫోన్ చేస్తే మా గైడు గారు ఆదివారం తానే వస్తానన్నారు. నాణేన్ని దూదిలో చుట్టి డబ్బాలో పెట్టి, ముట్టుకోవద్దని అమ్మకి మరీ మరీ చెప్పాను.

ఆయన వచ్చి కూర్చోగానే అమ్మ దాన్ని పళ్లెంలో పెట్టి తెచ్చింది. తళతళా మెరిసిపోతోంది. ముఖం లేదు, అక్షరాలు లేవు.

"ఏటి చేసేవమ్మా?" అన్నాను.

"చింతపండేసి తోమేను. మాస్టారు ఇంటికొస్తంటే కిలుం పట్టింది సూపిత్తారేటే? నా పరువేటవుతాది?"

నాకు ఒళ్లు మండిపోయింది. అలాంటి పాత నాణేల మీద ముఖం నిలిచి ఉండేదే ఆ కిలుము పొరలో. గైడు గారు భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "ఒక చెవి మిగిలిందమ్మా" అన్నారు. మెచ్చుకున్నారనుకుని అమ్మ ఆయనకి ఇంకో గారె వేసింది.

శతాబ్దాలు మట్టిలో భద్రంగా ఉన్న మనిషి మా వంటింట్లో ఒక్క పూట నిలవలేకపోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ కోపమే. "నీ సదువుకి పనికిరాకపోతే దేవుడికి పనికొస్తాది" అని అమ్మ దాన్ని పూజగదిలో పెట్టి ప్రతి శుక్రవారం తోముతోంది. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు చూశాను, ఆ చెవి కూడా లేదు.