తడి ఇసుక మీద నా కొలతలు

మా వీధి చివరి సైకిల్ షాపు తాత పోయారని పోయిన నెల అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను వెంటనే నమ్మలేదు. ఇందులో అగౌరవం ఏమీ లేదు. ఆయన ఎవరి మాటనూ మొదటిసారే నమ్మినవారు కాదు. ఆయన చావు కబురును మాత్రం ఠక్కున నమ్మేస్తే మర్యాదగా ఉండదనిపించింది. రెండోసారి అడిగాను. అమ్మ ఏడుస్తూనే తిట్టింది. అప్పుడు నమ్మాను.

మా ధర్మపురిలో ఆయనను మించిన అనుమానస్తుడు లేడు, నన్ను మినహాయిస్తే. టైరులో గాలి నిండినట్టు పంపు మీటరు చూపించినా బొటనవేలితో నొక్కి చూసేవారు. మనుషులు తొందరలో చెప్పే జవాబుల మీద ఆయనకు ఇంకా ఎక్కువ అనుమానం.

ఇంజనీరింగ్ ముగించి గేర్ల సైకిల్ కొన్న కొత్తలో స్నేహితులతో తీర్థమలై కొండకు బయలుదేరాను. దారిలో ఉన్న అరూరు చేరేసరికి అరచేతులు మొద్దుబారాయి, మోకాలు పట్టేసింది. కూర్చునే చోటి సంగతి పెద్దలు చదివే వ్యాసంలో రాయలేను. స్నేహితులు కొండకు పోయారు. నేను సైకిల్‌ను బస్సు మీదికెక్కించి ఇల్లు చేరాను. ఇంకోసారి ఇలా అయితే దీన్ని అమ్మేస్తానని అందరి ముందూ శపథం చేశాను. చేశాక భయం పట్టుకుంది. అంత ఇష్టపడి కొన్న వస్తువు నాకు మరొకటి లేదు. తాత దగ్గరికి పరుగెత్తాను.

"ఎక్కడరా నొప్పి?"

"మోకాలు, తాతా."

"మోకాలి మాట నాకొద్దు. నొప్పి ఒక వీధిలో పుట్టి ఇంకో వీధి అడ్రసు చెప్తుంది. కూర్చో."

కూర్చోమన్నది స్టూలు మీద కాదు. పలక మీద పరిచిన తడి ఇసుక మీద, నడివీధిలో. కూర్చుని లేచాను. కూర్చునే ఎముకల చోట ఇసుకలో రెండు గుంటలు పడ్డాయి. ఆయన వంగి, వాటి మధ్య దూరాన్ని పుల్లతో శ్రద్ధగా కొలుస్తుంటే పక్క కొట్టు అక్క తొంగిచూసింది.

"ఏంది మామా, మొక్క నాటేదా?"

"విత్తనం మీదే సందేహంగా ఉంది" అన్నారాయన, తలెత్తకుండా.

ఆ కొలతకు సరిపడే వెడల్పు సీటు వేశారు. మడమ పెడలు మీద పెట్టించి, కాలు నిటారుగా సాగేదాకా సీటు ఎత్తు సరిచేశారు. దారానికి నట్టు కట్టి మోకాలి నుంచి వేలాడదీసి, అది పెడలు ఇరుసు మీదికి వచ్చేదాకా సీటును వెనక్కీ ముందుకీ జరిపారు. హ్యాండిల్‌ను నాకు దగ్గరగా జరిపారు. "మోచెయ్యి బిగించొద్దు. బిగిస్తే రోడ్డంతా నీ భుజంలోకి ఎక్కుతుంది" అన్నారు. చివరగా సీటు కడ్డీ మీద, అది ఫ్రేములోకి దిగే చోట, మేకుతో గీత గీశారు.

పట్టభద్రుణ్ణి, ఇసుకను ఎలా నమ్మేది? ఇంటికెళ్లి, కాలి పొడవును దేనితోనో గుణించమనే లెక్క ఒకటి ఇంటర్‌నెట్‌లో పట్టుకుని, సీటు వేలెడు పైకి లేపాను. పాపారపట్టి పోయి వచ్చేసరికి మోకాలు మళ్లీ మొదలు. సిగ్గు లేకుండా ఆయన దగ్గరికే వెళ్లి, మీ పని సరిగా లేదన్నాను.

ఆయన కడ్డీ వైపు చూశారు. గీత వేలెడు పైకి వచ్చి కనబడుతోంది.

"ఎవురైనా ముట్టినారా?"

"లేదు తాతా."

"అట్లయితే దొంగ వచ్చినాడు. సైకిల్ విడిచిపెట్టి, సీటు మాత్రం లేపి పోయినాడు. మంచి కుటుంబం వాడు."

సీటు గీతకు దించారు. "తీర్థమలై పోయి రా. వచ్చినాక చెప్పు, ఎవురు లేపినారో."

నొప్పి లేకుండా పోయి రావడం, వచ్చి నిజం చెప్పడం: నాకు ఆయన పెట్టిన పరీక్ష అదొక్కటే. వానలని కొన్నాళ్లు, ఇంటర్వ్యూలని కొన్నాళ్లు వాయిదా వేశాను. అసలు కారణం నిజం చెప్పడమంటే భయం. అంతలో, ఇంటర్వ్యూకని వేరే ఊళ్లో ఉండగా, అమ్మ ఫోన్.

కర్మ అయిన తరువాతి ఆదివారం ఒంటరిగా బయలుదేరాను. దారి పొడవునా అనుమానమే. అరూరులో ఆగి చేతులను పరీక్షించాను. మొద్దుబారలేదు. అబద్ధమాడుతున్నాయేమోనని మళ్లీ వేళ్లు మడిచి చూశాను. కొండ కింద దిగి మోకాలు, నడుము, భుజాలు అన్నీ వెతికాను. ఎక్కడా ఏమీ దొరకలేదు.

"నేనే, తాతా" అని పైకే అన్నాను. పూలమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, తన బుట్టను కాస్త అవతలికి జరుపుకుంది.

నీళ్లు తాగి తిరిగేసరికి నా సీటు మీద ఒక కోతి కూర్చుని ఉంది, తోక వేలాడేసి, చాలా హాయిగా. దాని కాళ్లు పెడళ్లకు అందక గాలిలో ఊగుతున్నాయి. స్పానర్ నా సంచిలోనే ఉంది. తాత గీత పెట్టిన సీటును నేను ముట్టుకోలేదు. అది తనంతట తాను దిగేదాకా ఎండలో నిలబడ్డాను.