తువ్వాలు కింద బొటనవేలు

బేరంలో నన్ను మించినవాడు మా పాత బజారులో లేడని ఇప్పటికీ చెప్పుకుంటాను. కొత్తిమీర కట్ట కూడా చెప్పిన ధరకు కొన్న పాపాన పోలేదు. అలాంటి నేను ఒక మనిషిని అమ్మాను. అదీ ఎమ్మెల్యే కావలసిన మనిషిని, అదీ సొంత అక్క మొగుణ్ణి. ఈ విశాఖపట్నంలో ఇంతకంటే చెడ్డ బేరం ఎవరైనా చేసి ఉంటే వచ్చి చెప్పండి, టీ నేనే పోయిస్తాను. మొన్న బల్బు మార్చడానికి కొట్టు వెనకాల ఉన్న పాత వెదురు నిచ్చెన ఎక్కితే మూడో మెట్టు విరిగింది. కింద కూలబడి మోకాలు రాసుకుంటుంటే బావ గుర్తొచ్చాడు. ఆ నిచ్చెన ఆయన ఎన్నికల గుర్తు.

మా నాన్న పొలం అమ్ముకుని బజారులో కిరాణా కొట్టు పెట్టాడు. బావ అమ్ముకోలేదు, ఉక్కు కర్మాగారం కోసం తీసుకున్నారు. జీడితోట, తాటిచెట్లు, ఇల్లు అన్నీ పోయి చేతికి నిర్వాసితుడని రాసిచ్చిన ఒక కార్డు మిగిలింది. ఆ కార్డు మీద ఇంటికొక ఉద్యోగం వస్తుందని ఊరందరి ఆశ. బావ వారమంతా పోర్టులో కలాసీగా బస్తాలు మోసి, ఆదివారం ఆ కార్డులవాళ్ళ అర్జీలు మోసేవాడు. డెబ్బైల చివర వాళ్ళే ఆయన్ని అసెంబ్లీకి నిలబెట్టారు. జీపుకు డబ్బుల్లేవు. గుర్తుగా నిచ్చెన వచ్చింది కదా అని నిజం నిచ్చెననే భుజాన వేసుకుని కూర్మన్నపాలెం నుంచి ఊరూరూ తిరిగారు. దాని కింద భుజం పెట్టడానికి జనం పోటీపడేవారు. నేను మజ్జిగ కుండ పట్టుకుని, దండగ దండగ అని గొణుగుతూ వెనకాల నడిచాను. డిపాజిట్ పోయింది. నిచ్చెనను మాత్రం మళ్ళీ పనికొస్తుందని ఊరివాళ్ళు బడిలో దాచారు.

ఎనభైల మొదట్లో రెండోసారి నామినేషన్ వేసేసరికి గాలి మారింది. బావ గెలవకపోయినా ఇంకొకణ్ణి ఓడించగలడు. ఆ ఇంకొకాయన రైస్ మిల్లు యజమాని, మా నాన్నకు పాత ఖాతాదారు. ఉపసంహరణకు చివరి రోజు పొద్దున, బావ తప్పుకుంటే నలభై మంది కార్డులవాళ్ళకు ఉద్యోగాలు ఇప్పిస్తానని నాకు కబురు పంపాడు. బావతో చెప్పాను. ఆయన "నలభై మందికి ఉజ్జోగాలు ఇప్పిస్తానంటే నాను నిలబడ్డం ఎందుకు? నీకు బేరాలొచ్చును గదా, ఎల్లిరా" అన్నాడు.

మా బజారులో బెల్లం బేరం తువ్వాలు కింద జరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళకు ధర తెలియకుండా కొనేవాడు అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. కాగితం ఉండదు, అడిగితే తప్పు. మిల్లు గదిలో బయటివాళ్ళు ఎవరూ లేకపోయినా ఆయన తువ్వాలు కప్పి నా నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. నాలుగు పదులు, నలభై ఉద్యోగాలు. సరేనన్నాను. ఆయన వదల్లేదు. మిగిలిన బొటనవేలు కూడా పట్టుకుని, "ఇది నీకు. కిరసనాయిలు డిపో" అన్నాడు. నేను చెయ్యి లాక్కోలేదు.

బావ తప్పుకున్నాడు. ఉద్యోగాలొస్తాయని ఇంటింటికీ వెళ్ళి తానే మాటిచ్చాడు. మిల్లాయన గెలిచాడు. ఆర్నెల్లు తిరిగాక, "ఉద్యోగాలు నా చేతుల్లో ఉంటాయా బాబూ" అన్నాడు. నా డిపో బోర్డు అప్పటికే వేలాడుతోంది. అది చూశాక, బావే అమ్ముడుపోయి బామ్మర్ది పేరున డిపో పుచ్చుకున్నాడని ఊరు లెక్క కట్టేసింది. ఊరివాళ్ళు తిట్టలేదు. నిచ్చెన మోసుకొచ్చి బావ గుమ్మం ముందు అడ్డంగా పడుకోబెట్టి వెళ్ళిపోయారు. అక్క దాన్ని రిక్షా మీద నా కొట్టుకు పంపింది. "నీ సామాను నీకే" అని రిక్షావాడితో చెప్పించింది.

ఆ తర్వాత నెలనెలా బావ నా డిపోకి వచ్చేవాడు. భుజాన తువ్వాలు, చేతిలో డబ్బా, రేషన్ కార్డు. ఎండలో ఇరవైమంది వెనకాల నిలబడేవాడు. మొదటిసారి నేను పరుగెత్తుకెళ్ళి, "లోనికి రా బావా, నీకు లైనేటి" అన్నాను.

ఆయన డబ్బా చెయ్యి మార్చుకుని, "వద్దులే. ఓసారి తప్పుకున్నాను గదా, సాలు" అన్నాడు.

అంతకు మించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేను బేరం మొదలుపెట్టేవాణ్ణి.

లెక్క చెప్పకుండా లేస్తే మా నాన్న ఆత్మ శాంతించదు. నాలుగు వేళ్ళకు వచ్చింది సున్నా. బొటనవేలికి రావలసినది పూర్తిగా ముట్టింది: ఈ ఇల్లు, పిల్లల చదువులు, కొట్టు మీద మేడ. ఇచ్చుకున్నది బావ మాట, అక్క చేతి అన్నం. అమ్ముడుపోయాడని ఊరు ఆయన్ని అంది, ఆ నింద ఆయనతోనే కాటికి పోయింది. అమ్మింది నేనని ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు, ఈ రోజు దాకా. ఆ మిల్లు గదిలో చెయ్యి వెనక్కి లాక్కోవడానికి ఒక్క క్షణం చాలేది. ఆ తర్వాత నాకు నలభై ఏళ్ళు దొరికాయి, ఆ క్షణం మాత్రం ఏ ధరకూ దొరకలేదు.