నూకరాజు బావ బరువూ, ఎడమ టైరూ

ఒక్క టైరు అరిగినందుకు చుట్టరికం తెంచుకోబోయిన మహానుభావుణ్ణి నేను. నవ్వండి, నాకేం నష్టం లేదు. ఆ రోజుల్లో నన్ను చూసి మా పెరట్లో కోళ్లు కూడా నవ్వి ఉంటాయి.

అప్పట్లో నాకొక పాత కారు ఉండేది. ముసలి గేదెలాగా లేవడానికోసారి, కదలడానికోసారి మూలిగేది. పొద్దున్నే రేవులో చేపల బుట్టలు డిక్కీలో వేసుకుని శృంగవరపుకోట మార్కెట్టుకు పోయేవాణ్ణి. మా పేటలో కారున్నది నాకొక్కడికే గనుక కార్ల గురించి సర్వం నాకే తెలుసని తీర్మానించుకున్నాను. ఎవరూ అడగలేదనుకోండి.

ఒకనాడు చూస్తే వెనక ఎడమ టైరు లోపలి అంచు గుండు గీయించినట్టు నున్నగా అరిగిపోయి ఉంది. కొత్తది వేశాను. రెండు నెలలకు అదీ అంతే. బుద్ధున్నవాడైతే మెకానిక్కు దగ్గరికి పోతాడు. నేను టైరు ముందు గొంతుక్కూర్చుని చుట్ట ముట్టించాను. చుట్ట అయ్యేలోగా దోషిని పట్టేశాను: మా నూకరాజు బావ.

బావంటే మా చెల్లెలి మొగుడు. భారీ మనిషి. మార్కెట్టుకు నాతోనే వచ్చేవాడు. ఎప్పుడూ వెనక సీట్లో ఎడమ పక్కనే కూర్చునేవాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

రేవులో పదిమంది ముందే అనేశాను.

"బావా, ఇయాల్టి నుండి నువ్వు బస్సులో రా."

"ఏటిరా, ఏటయింది?"

"నీ బరువుకి టైరు అరిగిపోతన్నాది."

"నానేటి, ఏనుగునా?"

"ఏనుగైతే నడిసెల్లిపోతాది. నువ్వు కారెక్కుతన్నావు."

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"వచ్చే నెల నా కూతురి పెళ్లి. పిల్ల బుట్ట మా తమ్ముడు మోస్తాడు. నువ్వు నీ టైరు కాడ కూకో."

మా వైపు పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామే. ఆ బుట్ట ఇంకొకడు ఎత్తాడంటే మేనమామ చచ్చిపోయైనా ఉండాలి, బతికుండీ లెక్కలో లేకుండా పోయైనా ఉండాలి.

చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నియ్యా, నీకు టైరు కావాలో నాను కావాలో సెప్పు."

"ముందు టైరు సంగతి తేలనీయే" అన్నాను. అలాంటి నోటికి కుట్లు వెయ్యాలి.

బావ ఎక్కడం మానేశాడు. టైరు అరగడం మానలేదు. అప్పటికైనా తెలిసిందా? లేదు. బావ కూర్చున్నచోట సీటు నొక్కుకుపోయింది, లోపమంతా అందులోనే ఉందని సీటు తిరగేసి కుట్టించాను. మునుపు రెండు నెలలకు అరిగే టైరు ఇంకా బేగి అరిగింది.

పెళ్లి నాలుగు రోజుల్లో ఉందనగా గరివిడిలో అప్పన్న షెడ్డుకు పోయాను. అప్పన్న కారు కిందికి దూరి, తుప్పు మొహంతో బయటికొచ్చాడు.

"ఎడం పక్క బండి బరువు మోసే కమాన్ పట్టీలు ఇరిగిపోయున్నాయి. ఇరుసు పక్కకి జరిగిపోనాది. టైరు వంకరగా ఈడుస్తన్నాది, అరక్కేటి సేస్తాది? డిక్కీలో ఈ కన్నం ఎవుడెట్టాడు? ఉప్పునీళ్లన్నీ పట్టీల మీదే పడతన్నాయి."

ఎవడెట్టడమేమిటి, నేనే. చేపల ఐసు నీళ్లు డిక్కీలో నిలవకుండా మేకుతో పొడిచాను. ఆ తెలివికి వారం రోజులు నన్ను నేనే మెచ్చుకున్నాను.

"ఎవుడో ఎదవ" అన్నాను.

"ఎదవే" అన్నాడు అప్పన్న.

అటునుంచి అటే బావ ఇంటికి వెళ్లాను. బావ వాకిట్లో ఎండుచేపలు తూస్తున్నాడు. కన్నం సంగతి మొత్తం చెప్పుకున్నాను, తప్పు నాదేనన్నాను. చేపలు తూస్తూనే విన్నాడు. చివరికి, "కాటా ఎక్కు" అన్నాడు. ఎక్కాను. దింపి తను ఎక్కాడు. నేనే ఏడు కేజీలు ఎక్కువ.

"కారు నడిపీది నువ్వు. ఏ పక్క కూకుంతావు?"

"కుడి పక్క."

"మరి బరువుకే అరిగితే ఏ టైరు అరగాల?"

గుమ్మంలోంచి మేనకోడలు తొంగిచూసింది.

"నానా, మావనే మొయ్యనీ. మావా, బుట్ట దింపీసినాక నీకు ఏ కాలు అరిగిందో సూసి సెప్పు."

అప్పుడు నవ్వాడు బావ.

అరవై దాటాక నేర్చిన నా వంకర అక్షరాలతో ఇందుమూలంగా రాసిస్తున్నాను: ఇకమీదట టైరు అరిగితే కారు కిందికి దూరతానే గాని, కారెక్కిన చుట్టాల నడుము కొలవను. మేకు, సుత్తి మా ఆవిడ దగ్గరే ఉంటాయి. అడిగినా ఇవ్వదు.