కాపరి భుజం మీద పిడికిలి

మా చిన్నప్పుడు... నవంబరు వచ్చిందంటే నూజివీడులో మా వెనక వరండా అంతా రబ్బరు వాసనే. బడిపంతులైన మా నాన్నకు క్రిస్మస్ పాకలోకి బొమ్మలు పోయడం సరదా. బెత్తెడు కాపరులు, గొర్రెలు, వేలెడంత బాలయేసు... మామిడికాయల అట్టపెట్టె కత్తిరించి, మధ్యలో మట్టిబొమ్మ పెట్టి, చుట్టూ చిక్కటి రబ్బరు ద్రవం పోస్తే అది గట్టిపడి అచ్చు అయ్యేది. పాకలో పరవడానికి వేసవిలో కాయలు మాగేసిన గడ్డే.

రబ్బరు డబ్బా విజయవాడ నుంచి రావాలి. నాన్నేమో చిరిగిన గుడ్డ కూడా పారేయని మనిషి. అందుకే పాత అచ్చుల్ని ముక్కలు చేసి కొత్త రబ్బరులో వేసేవారు. రెండూ అతుక్కుపోయేవి, డబ్బా ఇంకాస్త కలిసొచ్చేది. కత్తెర పని నాది. ఒక్కటే హెచ్చరిక.

"ముక్క బొమ్మకి తగలకూడదు అమ్మలూ. తగిలిందంటే పాత బొమ్మ కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది."

నా తొమ్మిదో ఏట తమ్ముడు పోయాడు. ఎనిమిది నెలల పిల్లాడు, మూడు రోజుల జ్వరం. ఫోటో తీయిద్దాం, తీయిద్దాం అనుకుంటూనే ఉండిపోయాం... వాడు నిద్రపోతుంటే చూసి నాన్న చేసిన బాలయేసు అచ్చు ఒక్కటే మిగిలింది. బొటనవేలు లోపల దాచుకుని పిడికిలి బిగించి పడుకునేవాడు. అచ్చులోనూ అంతే. అమ్మ దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ నవంబరులో అది పాత అచ్చుల బుట్టలోకి ఎలా చేరిందో ఇప్పటికీ తెలియదు. నేను చూసుకోలేదు. అన్నిటితో పాటు దాన్నీ కత్తిరించేశాను. చివరి ముక్కలో చిన్న పిడికిలి గుంట కనబడింది... నాన్న అప్పుడే కాపరి బొమ్మ చుట్టూ రబ్బరు పోసి లోపలికి వెళ్ళారు. వాడి అచ్చు ముక్కలన్నీ ఏరి గబగబా అందులోకి కుక్కేశాను.

మర్నాటి నుంచి అమ్మ వెతకడం మొదలుపెట్టింది. బీరువా, బియ్యం డబ్బా, చివరికి మామిడి గడ్డి కూడా... సిగ్గు లేకుండా నేనూ కలిసి వెతికాను.

నాన్న ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి మొదటి కాపరిని తీశారు. భుజం మీద కందిగింజంత పిడికిలి. బొటనవేలు లోపలే ఉంది. ఇంకోటి పోశారు. ఇంకోటి... ప్రతి కాపరినీ ఎవరో చిన్నవాడు వెనక నుంచి పట్టుకుని వేలాడుతున్నట్టే ఉంది.

నాన్న గరుకు కాగితం తీసుకుని రుద్దబోయారు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. నావైపు చూడకుండానే అడిగింది.

"ఎన్ని ముక్కలు చేశావే?"

అప్పటిదాకా నేను ఎవరికీ చెప్పనేలేదు. ఏడుస్తూ ఆరు అన్నాను. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. అచ్చుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, "మిగతా ఐదూ ఇందులోనే ఉన్నాయిగా" అంది.

ఆ అచ్చు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఏటా ఒక్క కాపరిని పోస్తాను. లోపలి రబ్బరు పొరలుగా ఊడిపోతోంది, పిడికిలి మాత్రం చెక్కు చెదరలేదు. పోయిన క్రిస్మస్‌కి కాపరి వీపు మీద చిన్న చెవి కూడా వచ్చింది. అమ్మకు చూపిస్తే ఆశ్చర్యపోలేదు. "నిదానంగా వస్తున్నాడు" అంది.

ఇప్పుడు హనుమాన్ జంక్షన్‌లో పాక సెట్టు మొత్తం ప్లాస్టిక్‌లో దొరుకుతోంది. మా పిల్లలు అదే కొనమంటారు. ముఖాలన్నీ నున్నగా, ఒకేలా... లోపల ఎవరూ ఉండరు.

పారేయడానికి చెయ్యి రాని పాత వస్తువు మీ ఇంట్లోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది... అది ఎవరిదో చెప్పండి, వింటాను. నాకైతే ఇంకా నాలుగు ముక్కలు రావాలి.