ఏతానికి తగిన పాట

నా చిన్నప్పుడు మా చోడి, అంటే రాగి, నారుకు నీళ్లు తోడింది మోటారు కాదు, ఏతం. నూతి పక్క గుంజ మీద పొడవాటి దూలం, దాని కొసకు వేలాడే బాన. దూలం మీద ఒక మనిషి పాట పాడుకుంటూ, ఆ పాటకు అడుగులు కలిపి ముందుకూ వెనక్కూ నడిస్తే బాన దిగేది, లేచేది.

ఒక వేసవిలో మా తాతయ్య జ్వరాన పడ్డాడు. రెండు రోజులు నీళ్లు లేక నారు తల వాల్చేసింది. ఆ మడి ఎండితే ఆ ఏడు మాకు అంబలి లేనట్టే. గరివిడి వైపు నుంచి మా మావ వచ్చి ఏతం ఎక్కాడు. బలమైన మనిషి, మంచి గొంతు. అయినా బాన ప్రతిసారీ సగమే నిండి వస్తోంది. మధ్యాహ్నానికి విసుగెత్తి, ఈ దూలం పనికిరాదు, నరికేసి కొత్తది వెయ్యండన్నాడు.

దుప్పటి కప్పుకుని గట్టు మీద కూర్చున్న తాతయ్య నన్ను పిలిచాడు.

"ఒరే, నూతిలోకి సూడు. బాన నిండీసరికి మీ మావ పాటలో ఎక్కడున్నాడో సెప్పు."

బోర్లా పడుకుని చూశాను. బాన ఇంకా బుడబుడమని నీళ్లు తాగుతుండగానే మావ చరణం ముగించి వెనక్కి తిరిగిపోతున్నాడు. అదే చెప్పాను.

"పాట మీ నూతిది, ఏతం మా నూతిది. ఇందులో తప్పేటున్నాది బాబూ? మీ కాడ బానలు సిన్నవి. చరణం కొసన కూసింత రాగం తియ్యి" అన్నాడు తాతయ్య మావతో.

మావ రాగం తీశాడు. బాన తొణుకుతూ వచ్చింది. పొద్దు వాలకముందే మడి చివరిదాకా తడి అందింది, నారు బతికింది.

బడి చదువు లేని నేను అరవై దాటాక సొంతంగా కంప్యూటరు నేర్చుకున్నాను. చేతికి తగిలే యంత్రం హార్డ్‌వేర్, అది ఏ పని ఏ వరసలో చెయ్యాలో చెప్పేది సాఫ్ట్‌వేర్ అని చదివి, ఇంతేనా అని నవ్వుకున్నాను. మొన్న షాపులో కుర్రాడు నా కంప్యూటరు చచ్చిపోయింది, కొత్తది కొనమన్నాడు. ఒళ్లు మండింది. చావడమేమిటి? కొత్త సాఫ్ట్‌వేర్ అడిగినంత మెమరీ దీనికి లేదు, అంతేగా! ఇది మోయగలిగిన తేలికైనది వేసిందాకా అక్కడే కూర్చున్నాను. ఇప్పుడు నడుస్తోంది.

యంత్రాన్ని గాని, మనిషిని గాని ఎవరైనా పనికిరాదంటే, దానికి ఏం చెప్పారు, ఎంత వ్యవధి ఇచ్చారు అని అడగకుండా ఉండలేను. చాదస్తపు ముసలాడంటారు. అననీ.