చిటికెలో పట్టే గమ్ము

వనపర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడిపిన రోజుల్లో నా బల్ల మీద మూడు రకాల గమ్ములు ఉండేవి. ఒకటి చిటికెలో పట్టే నీళ్లలాంటి గమ్ము. రెండోది చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపు గమ్ము. దాన్ని రెండు వైపులా పూసి, వేలికి అంటనంతగా ఆరాక అదమాలి. మూడోది రెండు ట్యూబుల్ని సమంగా కలిపి రాసేది. విరిగిన మూతకు ఏది, స్పీకర్ చుట్టూ ఏది అని ఎవరైనా అడిగితే చాలు, పని పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది తెలియక చేసిన తప్పయితే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి. నేను తెలిసే చేశాను.

ఒకరోజు గోపాల్‌పేట వైపు నుంచి ఒకామె వచ్చింది. ఏడో నెల కడుపు. భర్త మేస్త్రీ వెంట పుణెకు బిల్డింగు పనికి పోయాడట. వాళ్లకు నెలలో అమావాస్య ఒక్కటే సెలవు. మా వైపు నుంచి వలసపోయిన వాళ్లంతా ఆ రోజే కాయిన్ డబ్బా ముందు వరసకట్టి ఇళ్లకు ఫోన్లు చేసేవారు. ఆ రోజు తప్పితే మళ్లీ నెల ఆగాలి, ఇటు నుంచి చేద్దామన్నా నంబరు ఉండదు. ఈమె ఫోన్ కిందపడి, చెవి దగ్గరి స్పీకర్ ఊడి లోపల గలగలమంటోంది.

"రేపు అమాసన్నా," అంది. "కాన్పుకు వస్తడో రాడో రేపే చెప్తడు. జర మంచిగ చెయ్యి."

ఆ స్పీకర్లో పల్చటి పొర ఉంటుంది. అది కదిలితేనే మాట. చిటికె గమ్ము ఆవిరి తగిలితే పొర మీద తెల్లగా పేరుకుని బిగుసుకుపోతుంది. అక్కడ వాడాల్సింది పసుపు గమ్ము. గంటసేపు మూత తెరిచి ఆరబెట్టాలి. ఎంతసేపైనా కూర్చుంటానని ఆమె అంది కూడా. కానీ దుకాణంలో ఉన్నది ఒకటే స్టూలు, అప్పటికే ఇద్దరు నిలబడి నా చేతులకేసి చూస్తున్నారు. చూస్తుండగానే చేసిస్తాడని నాకు పేరు. ఆ పేరంటే నాకు పిచ్చి. చిటికె గమ్మే ఒక్క చుక్క వేసి, మూత బిగించి, మోగించి చూశాను. మోగింది. గంట మోగేది వేరే స్పీకర్లోనని తెలిసి కూడా చెవికి పెట్టి చూడలేదు. ఆమె సంతోషంగా బస్సెక్కింది.

అయిదు నెలల తర్వాత మళ్లీ వచ్చింది, చంకలో మూడు నెలల ఆడపిల్లతో. ఆ అమావాస్య నాడు ఫోన్ వచ్చిందట. చెవికి పెడితే దోమ గుయ్యిమన్నట్టు తప్ప ఏమీ వినరాలేదట. ఎప్పటిలాగే తిన్నవా, దవాఖానకు పోయినవా అని అడుగుతున్నాడనుకుని, గాబరా పడతాడేమోనని, అన్నిటికీ "ఆ, సరే" అందట. అంతలో కాయిన్ల టైము అయిపోయింది. తర్వాత మేస్త్రీ వాళ్లను ఇంకో చోటికి తీసుకుపోయాడు, అక్కడ ఫోనే లేదు. పురుడు పుట్టింట్లో జరిగింది. మొన్న ఆ గుంపులోంచి ఒకతను ఊరికి వస్తే అసలు సంగతి తెలిసింది.

"కాన్పుకు రావాల్నా, ఇంకో సైటుకు పోవాల్నా అని అడిగిండంట. పోతనంటే నేను సరే అన్ననంట," అంది. "నేనే రావొద్దన్ననని ఆయన మనసుల పెట్టుకున్నడన్నా. బిడ్డను గూడ సూడలే. మళ్ల ఫోనున్న తావుకు వచ్చిన్రంట, రేపు అమాస. రేపన్న చెప్పుకోవాలె."

మూత విప్పాను. పొర మీద తెల్లగా బూజులాంటిది, నా చుక్క తాలూకుదే.

"ఏమైందన్నా, కిందపడ్డందుకేనా?" అని అడిగింది.

"ఆ, కిందపడ్డందుకే," అన్నాను.

కొత్త స్పీకర్ పెట్టి పసుపు గమ్ము పూశాను. స్టూలు ఆమెకిచ్చి, వచ్చిన వాళ్లను సాయంత్రం రమ్మన్నాను. "అప్పుడు చిటికెల చేసిస్తివి, ఇప్పుడేంది గింత సేపు?" అని నవ్వింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఆరాక ఫోన్ చెవికి పెట్టుకోమన్నాను. రెండడుగుల దూరంలో నిలబడి దుకాణం ఫోన్ నుంచి కలిపాను. ఆమె నా మొహం చూడటం లేదు, పిల్లను చూస్తోంది. నిజం చెప్పడానికి అంతకంటే సులువైన దారి నాకు ఇంకెప్పుడూ దొరకలేదు.

"హలో, వినొస్తున్నదా చెల్లె?" అన్నాను.

"మంచిగ వినొస్తున్నదన్నా. చెప్పు," అంది.

నేను ఫోన్ పెట్టేశాను.